టెక్సాస్ ఎండల్లో మంచు హాకీ: మీరడిగారు, మేం చెబుతున్నాం

మా అబ్బాయి డల్లాస్ పక్కన అలెన్‌లో ఉంటాడు. చలికాలమంతా అక్కడే ఉండి మొన్ననే వచ్చాం. శనివారం వచ్చిందంటే పిల్లల్ని తీసుకుని ఐస్ హాకీకి పోతాడు, ఒకసారి మమ్మల్నీ తీసుకెళ్లాడు. ఆడేవాళ్లు గ్లౌజులు పారేసి పిడిగుద్దులు గుద్దుకుంటుంటే రిఫరీలు పక్కన నిలబడి చూస్తున్నారు. జనం లేచి కేకలు, మా మనవడు కూడా! ఇది ఆటేనా? పిల్లలు చెడిపోరా?
— ఓ నానమ్మ, నల్లగొండ

ఆటేనమ్మా. మీరు చూసింది అలెన్ అమెరికన్స్ జట్టు అయ్యుంటుంది, ఆ ఊరి ప్రొఫెషనల్ హాకీ జట్టు అదే. 2009లో మొదలైంది. 2013 నుంచి 2016 దాకా వరసగా నాలుగేళ్లు కప్పు కొట్టింది, మొదటి రెండూ సెంట్రల్ హాకీ లీగ్‌లో, అది మూతపడి ఈసీహెచ్ఎల్ అనే లీగ్‌లోకి వచ్చాక మరో రెండు.

ఇక కొట్లాట. రిఫరీలు చూస్తూ ఊరుకున్నారని మీకనిపించింది గానీ, కాళ్లకి కత్తుల్లాంటి స్కేట్లు కట్టుకున్న ఇద్దరి మధ్యలోకి దూరితే దూరినవాడికే ప్రమాదం. అందుకే ఒకడు కింద పడేదాకానో, ఇద్దరూ అలిసిపోయేదాకానో ఆగి అప్పుడు విడదీస్తారు. తర్వాత ఇద్దర్నీ ఐదేసి నిమిషాలు గాజు పెట్టెలాంటి గదిలో కూర్చోబెడతారు. కర్ర అడ్డం పెట్టి పడేయడం లాంటి మామూలు తప్పులకైతే రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాలూ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. మ్యాచ్‌లు ఎక్కువగా గెలిచేదీ ఓడేదీ అక్కడే. మీ మనవడు కేకలేస్తే వేయనివ్వండి, లోపల కూర్చున్నవాడు ఏం చేసి కూర్చున్నాడో చెప్పమనండి, చెప్పగలిగాడంటే ఆట అర్థమైనట్టే.

అన్నట్టు ఈ జనమే డిసెంబర్ ప్రాంతంలో ఒక మ్యాచ్‌కి టెడ్డీ బేర్ బొమ్మలు పట్టుకొస్తారు, సొంత జట్టు మొదటి గోల్ కొట్టగానే అన్నీ మంచు మీదకి విసిరేస్తారు. వాటిని పోగేసి లేని పిల్లలకి పంచుతారు. చాలా జట్లలో ఉన్న ఆనవాయితీ ఇది. ఈసారి అది చూసి రండి.

టెక్సాస్‌లో ఎండలు మన దగ్గరలాగే మండుతాయట కదా, మరి అంత మంచు ఎలా నిలబడుతుంది?
— ఓ రిటైర్డ్ ఇంజనీర్, సూర్యాపేట

సార్, పాతకాలం ఐస్ ఫ్యాక్టరీలు మీరు చూసే ఉంటారు. అమ్మోనియా కంప్రెసర్, ఉప్పునీళ్ల తొట్టి, అందులో మంచినీళ్ల డబ్బాలు. ఉప్పునీళ్లు సున్నా కంటే కిందకి పోయినా గడ్డకట్టవు కాబట్టి డబ్బాలో నీళ్లని గడ్డకట్టిస్తాయి. స్టేడియంలో జరిగేదీ అదే. కాంక్రీట్ నేల కింద పైపులు పరిచి, వాటిలో చల్లబరిచిన ఉప్పునీళ్లో, గ్లైకాల్ అనే గడ్డకట్టని ద్రవమో తిప్పుతారు. నేల గడ్డకట్టాక పైన నీళ్లు పొరలు పొరలుగా చల్లుతారు, మధ్యలో తెల్ల రంగు కొట్టి గీతలు గీసి మళ్లీ పొరలు వేస్తారు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు మైదానం మీద మంచు మందం అంగుళం, అంగుళంపావు మాత్రమే. మందం పెరిగితే పైభాగానికి చలి సరిగా అందక మెత్తబడుతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది. దక్షిణాది ఊళ్లలో ఎండకన్నా ఉక్కపోతతోనే ఎక్కువ తంటా. తేమ గాలి లోపలికొస్తే మంచు మీద పొగమంచు లేస్తుంది, అందుకని తేమ పీల్చే మెషిన్లు ఆగకుండా తిరుగుతుంటాయి.

విరామంలో ఓ పెద్ద బండి వచ్చి మంచుని చెక్కి, కడిగి, పైన వేడినీళ్లు పరుస్తుంది. వేడినీళ్లే ఎందుకంటే, పై పొరని కాస్త కరిగించి దానితో అతుక్కుంటాయి, గాలి బుడగలు తక్కువై మంచు గట్టిగా వస్తుంది. ఆ బండిని 1949లో కాలిఫోర్నియాలో తయారుచేసిన ఫ్రాంక్ జాంబోనీ అంతకుముందు ఏం చేసేవాడనుకున్నారు? ఐస్ ఫ్యాక్టరీ నడిపేవాడు. ఇంటింటికీ ఫ్రిజ్‌లు వచ్చి గిరాకీ పడిపోతుంటే స్కేటింగ్ హాలు కట్టాడు.

ఈ అలెన్ జట్టు మన రంజీ లాంటిదా? వీళ్లకీ కోట్లలో ఇస్తారా?
— ఓ డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

రంజీ కాదు తమ్ముడూ. రంజీ జట్టు రాష్ట్రం తరఫున ఆడుతుంది, ఇది ఓనరున్న జట్టు. హాకీ లీగ్‌ల్లో అన్నిటికన్నా పైన ఎన్‌హెచ్ఎల్, దాని కింద ఏహెచ్ఎల్, ఆ కింద అలెన్ ఆడే ఈసీహెచ్ఎల్. దీని తర్వాత చెప్పుకోవాల్సింది దక్షిణాదిలో 2004లో మొదలైన ఎస్‌పీహెచ్ఎల్, అలబామాలోని హంట్స్‌విల్ లాంటి ఊళ్ల జట్లు అందులో ఆడతాయి. కోట్లు పైమెట్టులోనే. ఈసీహెచ్ఎల్‌లో జీతం వారం లెక్కన, ఉండడానికి ఇల్లు జట్టే చూపిస్తుంది. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా 72 మ్యాచ్‌లు, దూరాలకి ఎక్కువగా బస్సులోనే పోతారు. సీజన్‌కి ఊరొదిలి పోయి, సీజన్ అయ్యాక తిరిగి రావడమంటే ఏమిటో పాలమూరు వాళ్లకి నేను చెప్పాలా!

ఇంకో తమాషా. డల్లాస్ స్టార్స్ అనే ఎన్‌హెచ్ఎల్ జట్టు అలెన్‌కి కూతవేటు దూరంలోనే ఉంది, అయినా తన కుర్రాళ్లని ఈసీహెచ్ఎల్‌కి పంపాలంటే ఎక్కడో ఐడహో రాష్ట్రంలో ఉన్న జట్టుకి పంపుతుంది. అలెన్ ఏమో 2022లో కెనడాలోని ఒట్టావా ఎన్‌హెచ్ఎల్ జట్టుతో ఒప్పందం చేసుకుంది. అందుకే పక్కింటి వాళ్ల పిల్లలు ఇక్కడ ఆడరు. పై జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే ఫోనొస్తుంది, రాత్రికి రాత్రి సామాను సర్దుకుని ఇక్కడి గోల్‌కీపర్ వెళ్లిపోతాడు. జొనాథన్ క్విక్ అలా ఈసీహెచ్ఎల్‌లోని రెడింగ్ జట్టు నుంచి పైకెళ్లినవాడే, లాస్ ఏంజెలెస్ తరఫున 2012లో, 2014లో ఎన్‌హెచ్ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు. అందరికీ ఆ ఫోన్ రాదు. నన్నడిగితే కోట్ల జీతాల ఆట కంటే ఇదే చూడాలి, ఎందుకంటే ఇక్కడ మంచు మీదకి దిగిన ప్రతివాడూ పైవాళ్ల కంట పడాలని ఒళ్లు దాచుకోకుండా ఆడతాడు.

మా పాప స్కేటింగ్ నేర్చుకుంటోంది. మన దేశంలో మంచు హాకీ ఉందా?
— ఓ తల్లి, జడ్చర్ల

ఉందమ్మా, కాకపోతే ఎక్కువగా లద్దాఖ్‌లో. మన అమ్మాయిల జట్టు 2016లో మొదటిసారి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది, 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. వాళ్లలో చాలామంది లద్దాఖ్ అమ్మాయిలే, గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకున్నవాళ్లు. జడ్చర్లలో చెరువు గడ్డకట్టేది లేదు కాబట్టి చక్రాల స్కేట్లతో ఆడే ఇన్‌లైన్ హాకీ చూడండి, దానికి జాతీయ పోటీలున్నాయి. హెల్మెట్, మోకాళ్ల ప్యాడ్ల దగ్గర మాత్రం బేరం చేయొద్దు.

అక్టోబర్‌లో మా అమ్మాయి దగ్గరికి టెక్సాస్ పోతున్నాం. మ్యాచ్‌కి టికెట్లు తీసుకుందట. మాకు బంతే కనిపించదేమోనని టెన్షన్.
— భార్యాభర్తలు, నాగర్‌కర్నూల్

బంతి కాదు, పక్ అంటారు. మూడంగుళాల వెడల్పున్న నల్ల రబ్బరు బిళ్ల, బరువు 170 గ్రాముల దాకా ఉంటుంది. ఎగిరెగిరి పడకుండా మ్యాచ్‌కి ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెడతారు. దాని వెంట చూపు పరిగెత్తించకండి, మనుషులు ఎటు తిరుగుతున్నారో చూడండి, అదీ అటే ఉంటుంది. మైదానం చుట్టూ ఉండే గాజు గోడ పక్కన సీటు కంటే కొంచెం పై వరసలో అయితే మైదానమంతా కనిపిస్తుంది. ఒక్కొక్కడు ముప్పావు నిమిషం ఆడగానే గోడ దూకి బయటికొస్తాడు, ఇంకొకడు లోపలికి దూకుతాడు, ఆట మాత్రం ఆగదు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. శాలువా, సాక్సులు తప్పకుండా పెట్టుకోండి, బయట ఎండ చూసి మోసపోవద్దు.