గ్రహశకలాన్ని చివరి నిమిషంలో పేల్చేస్తే భూమి గట్టెక్కుతుందా? బంగాళాఖాతంలో పడితే వైజాగ్ సంగతేంటి?

‘ఆర్మగెడాన్’ సినిమాలో భూమిని ఢీకొనడానికి 18 రోజులే గడువుంటే గ్రహశకలాన్ని బాంబు పెట్టి ముక్కలు చేశారు, నిజంగా కుదురుతుందా అని ఒకరు అడిగారు. కుదరదు. అడ్డం పడేది బాంబు శక్తి కాదు, గడువు.

లెక్క చూడండి. భూమి మధ్యకు గురిపెట్టి వస్తున్న రాయి తప్పిపోవాలంటే కనీసం 6,400 కి.మీ. పక్కకు జరగాలి. 18 రోజులంటే 15.5 లక్షల సెకన్లు. అంటే సెకనుకు 4 మీటర్ల పైచిలుకు వేగం ఇవ్వాలి. 2022 సెప్టెంబరు 26న నాసా డార్ట్ నౌక దాదాపు 570 కిలోల బరువుతో, సెకనుకు 6 కి.మీ. వేగంతో డైమార్ఫోస్ అనే చిన్న గ్రహశకలాన్ని ప్రయోగంగా గుద్దింది. సుమారు 160 మీటర్ల ఆ రాయి వేగంలో వచ్చిన మార్పు సెకనుకు 3 మిల్లీమీటర్ల లోపే! అదే పదేళ్ల ముందు తోస్తే సెకనుకు ఒక సెంటీమీటరు చాలు. కక్ష్యాకాలం, అంటే సూర్యుణ్ని చుట్టివచ్చే సమయం, కూడా మారుతుంది కాబట్టి తేడా పోగుపడి 9,000 కి.మీ. దాటుతుంది.

ఇక ముక్కలు చేయడం. ఢీకొనడానికి 4 గంటల ముందు పేలిస్తే, ఒక్కో ముక్క సెకనుకు 440 మీటర్ల వేగంతో పక్కకు పోవాలి. లేకపోతే మొత్తం బరువు మన మీదే పడుతుంది. పదుల మీటర్ల చిన్న రాయైతే వేరు, ముక్కలు చాలావరకు గాలిలోనే మండిపోతాయి. పెద్దదానికి అణుబాంబే వాడాల్సి వస్తే లోపల పాతిపెట్టరు, కాస్త దూరంలో పేలుస్తారు. పేలుడులో పుట్టే ఎక్స్‌రేల వేడికి రాయి పైపొర ఆవిరై ఎగజిమ్ముతుంది, రాయి రాకెట్‌లా రెండోవైపు కదులుతుంది.

సముద్రంలో పడితే ఆర్కే బీచ్ మునుగుతుందా అన్నారు. 2004 సునామీ రెండున్నర గంటల్లో వైజాగ్ చేరింది. అప్పుడు సుమత్రా దగ్గర వెయ్యి కి.మీ.కు పైగా పొడవున సముద్రగర్భం కదిలి, నీటినంతా ఒకేసారి ఎత్తింది. రాయి ఒకచోటే గుంత పెడుతుంది; ఆ అలలు పొట్టివి, దూరం పోయేకొద్దీ త్వరగా బలం కోల్పోతాయి. తీరానికి దగ్గరగా వందల మీటర్ల రాయి పడితే మాత్రం ఈ ధీమా పనికిరాదు.

ఎక్కువసార్లు జరిగేది చిన్నరాళ్ల పేలుడే, దానిలో ముప్పు గాజుతో. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద 20 మీటర్ల లోపు రాయి పేలింది. మెరుపు చూసి జనం కిటికీల దగ్గరికి వెళ్లారు, రెండు నిమిషాల తర్వాత అదురుగాలి (పేలుడు పుట్టించిన ఒత్తిడి అల) వచ్చి అద్దాలు పగిలాయి, దాదాపు 1,500 మంది గాయపడ్డారు. బీచ్ రోడ్డు ఫ్లాట్లలో నిలువెత్తు అద్దాలున్నవాళ్లకు ఇది ముఖ్యం. ఆకాశంలో సూర్యుణ్ని మించిన వెలుగు కనిపిస్తే బాల్కనీలోకి రావద్దు. లోపలి గోడ పక్కన కూర్చుని, తల కప్పుకుని, కనీసం ఐదు నిమిషాలు ఆగండి. మెరుపుకీ చప్పుడుకీ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున, పేలుడు ఎంత దూరమో తెలుస్తుంది.