డబ్లిన్‌లో పదిహేనేళ్ల అబ్బాయి, ఫుట్‌బాల్ వింగర్ అవుతానంటున్నాడు. మాన్పించాలా?

ప్రశ్న: మేము తొమ్మిదేళ్లుగా డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉంటున్నాం. బాబుకి 15 నిండాయి, జూనియర్ సర్ట్ పరీక్షలు (హైస్కూల్ మూడో ఏడాది చివర రాసేవి) అయిపోయాయి. లెఫ్ట్ వింగ్‌లో ఆడతాడు, అంటే మైదానం ఎడమ అంచు వెంట దూసుకెళ్లి దాడి చేసే వింగర్. లీగ్ ఆఫ్ ఐర్లాండ్ (ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్) క్లబ్ అకాడమీ ఒకటి ట్రయల్‌కి పిలిచింది. ఇంకోపక్క తెలిసినాయన ఒకరు, ఇంగ్లండ్ క్లబ్‌లో ట్రయల్ ఇప్పిస్తాను, కాస్త ఖర్చవుతుంది అంటున్నారు. మావారేమో స్కూల్లో ట్రాన్సిషన్ ఇయర్ (జూనియర్ సర్ట్ తర్వాత పబ్లిక్ పరీక్ష లేని ఏడాది) దండగ, నేరుగా ఫిఫ్త్ ఇయర్‌కి వెళ్లి లీవింగ్ సర్ట్ (స్కూల్ చివరి పరీక్ష) తొందరగా ముగించాలంటారు. గుంటూరు నుంచి అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘బంతాట కూడు పెడుతుందా’ అని. మా అందరివీ ఇంకా ఇండియన్ పాస్‌పోర్టులే. వాణ్ణి ఆటలో ఉంచాలా, మాన్పించాలా? - ఒక తల్లి

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకోండి. మాన్పించొద్దు. అకాడమీ ట్రయల్‌కి పంపండి. ట్రాన్సిషన్ ఇయర్ చేయనివ్వండి. ఇంగ్లండ్ ట్రయల్ ఇప్పిస్తానన్న ఆయనకి మాత్రం ఒక్క యూరో కూడా ఇవ్వొద్దు.

ఆయన సంగతే ముందు చూద్దాం, మిగతా లెక్కంతా దాన్నిబట్టే తేలుతుంది. ఒకప్పుడు ఐర్లాండ్‌లో బాగా ఆడే పిల్లలు పదహారేళ్లు వచ్చీరాగానే పెట్టె సర్దుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయేవాళ్లు. ఆ దేశం తరఫున ఆడిన గొప్ప వింగర్లలో ఒకడైన డేమియన్ డఫ్, డబ్లిన్‌లోని బ్యాలీబోడెన్ కుర్రాడు, 1996లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌కి వెళ్లింది అలాగే. ఇప్పుడది కుదరదు. 18 నిండని ఆటగాణ్ణి ఇంకో దేశపు క్లబ్ తీసుకోకూడదని ఫిఫా రూలు, యూరోపియన్ యూనియన్ లోపల జరిగే బదిలీలకు మాత్రం 16 దాటితే మినహాయింపు ఉంది. బ్రిటన్ బయటికి వెళ్లిపోయింది కాబట్టి 2021 నుంచి ఇంగ్లండ్ క్లబ్బులకి ఆ మినహాయింపు లేదు. అంటే మీవాడు రేపు ట్రయల్‌లో అదరగొట్టినా, ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో మీ కుటుంబం మొత్తం అక్కడికి మారితే తప్ప, ఆ క్లబ్ వాణ్ణి 18 వచ్చేదాకా రిజిస్టర్ చేసుకోలేదు. మరి ఆయన మీ దగ్గర డబ్బు తీసుకుని ఇప్పించేదేమిటి? ఓ వారం ఊరు చూపించడం, క్లబ్ గేటు దగ్గర ఫొటో. నిజంగా ఒక క్లబ్‌కి పిల్లాడు కావాలంటే దారి ఖర్చులు ఆ క్లబ్బే చూసుకుంటుంది, తల్లిదండ్రుల దగ్గర వసూలు చేయదు.

ఈ రూలు వల్ల అవకాశాలు పోయాయని ఐర్లాండ్‌లో చాలామంది గొణిగారు. నన్నడిగితే మీలాంటి ఇంటికి ఇంతకన్నా మేలు లేదు. పదహారేళ్ల పిల్లాణ్ణి ఒంటరిగా పరాయి ఊరు పంపాలా వద్దా అన్న టెన్షనే లేదు, 18 దాకా వాడు మీ ఇంట్లోనే అన్నం తింటూ, మీ పక్క స్కూల్లోనే చదువుకుంటూ ఆడతాడు. ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టండి. 15 దాటాక ట్రాన్సిషన్ ఇయర్, ఆ తర్వాత ఫిఫ్త్ ఇయర్, సిక్స్త్ ఇయర్. లీవింగ్ సర్ట్ రాసేసరికి 18. పరీక్ష అయిపోయే వేళకే ఇంగ్లండ్ తలుపు తెరుచుకుంటుంది. మీవారు చెప్పినట్టు ఆ ఏడాది ఎగరగొడితే పదిహేడేళ్లకే లీవింగ్ సర్ట్ ముగుస్తుంది, ఆటలో దారి తెరుచుకోవడానికి మాత్రం ఇంకో ఏడాది ఆగాలి. ట్రాన్సిషన్ ఇయర్ దండగ అని మనవాళ్లు అనడానికి కారణం నాకు తెలుసు, పబ్లిక్ పరీక్ష లేని చదువు మనకి చదువులా కనిపించదు. కానీ అకాడమీ మారి, వారానికి అన్నిసార్లు ప్రాక్టీస్‌కి వెళ్లడం కొత్తగా అలవాటయ్యే ఏడాది పరీక్ష లేకపోవడమే మంచిది. ఇంకోటి గుర్తుంచుకోండి, అక్కడ లీగ్ సీజన్ ఫిబ్రవరిలో మొదలై నవంబర్ దాకా నడుస్తుంది, లీవింగ్ సర్ట్ జూన్‌లో, అంటే సరిగ్గా సీజన్ మధ్యలో. ఆ సంవత్సరం మే, జూన్‌లలో ప్రాక్టీస్ ఎంత తగ్గిస్తారో ట్రయల్ రోజునే అకాడమీ వాళ్లని అడగండి. దానికి వాళ్లు తడుముకుంటే, చదువుకునే పిల్లల గురించి వాళ్లకి పెద్దగా ఆలోచన లేదన్నట్టే.

ఇక అత్తగారి ప్రశ్న, కూడు పెడుతుందా అని. కొందరికి పెట్టింది, బాగానే పెట్టింది. ఐర్లాండ్ వింగర్ల బతుకులు ఎలా నడిచాయో చూస్తే మీకే అర్థమవుతుంది, అందరూ ఒకే మెట్లు ఎక్కలేదు.

డఫ్‌ది పుస్తకంలో రాసుకోదగ్గ దారి. బ్లాక్‌బర్న్‌తో 2002లో లీగ్ కప్, అదే ఏడాది ప్రపంచకప్‌లో సౌదీ అరేబియా మీద గోల్, 2003లో 1.7 కోట్ల పౌండ్లకి చెల్సీకి బదిలీ, అక్కడ వరసగా రెండు లీగ్ టైటిళ్లు, దేశం తరఫున 100 మ్యాచ్‌లు. ఇది చూసి ఎవరూ ఇల్లు కట్టే ప్లాన్ వేసుకోకూడదు, ఇలాంటివాడు తరానికి ఒకరిద్దరు.

జేమ్స్ మెక్లీన్‌ని చూడండి. డెర్రీలో పుట్టి, సొంత ఊరి క్లబ్ డెర్రీ సిటీకే ఆడుతూ 22 ఏళ్లు వచ్చాక 2011లో సండర్‌ల్యాండ్‌కి వెళ్లాడు. పదహారేళ్లకి ఏ పెద్ద అకాడమీ వాణ్ణి ఎత్తుకుపోలేదు. అయినా దేశం తరఫున నూరు మ్యాచ్‌లు దాటాడు. వయసు పెరిగి వేగం తగ్గుతున్నకొద్దీ వింగ్ నుంచి వెనక్కి జరిగి లెఫ్ట్ వింగ్‌బ్యాక్‌గా (అదే అంచున, డిఫెన్స్ కూడా చూసుకునే చోట) ఆడాడు, అందుకే 30 దాటాక కూడా జట్టులో చోటు దొరికింది.

మీ ఇంటికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది చిడోజీ ఒగ్బెనే కథ. నైజీరియాలోని లేగోస్‌లో 1997లో పుట్టాడు, ఎనిమిదేళ్ల వయసులో ఇంట్లోవాళ్లతో కార్క్ వచ్చాడు. మీవాడిలాగే వేరే దేశం నుంచి వచ్చి ఐరిష్ స్కూల్లో పెరిగిన పిల్లాడు. అక్కడ నీమో రేంజర్స్ క్లబ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ (చేతులు కూడా వాడే ఐర్లాండ్ సొంత ఆట) కూడా ఆడాడు, కాబట్టి మీవాడు స్కూల్లో గేలిక్ ఆడితే అది టైమ్ వేస్ట్ అనకండి, దెబ్బలు తగలకుండా, మరీ అలసిపోకుండా చూసుకుంటే చాలు. కార్క్ సిటీ, లిమరిక్ క్లబ్బుల తర్వాత 2018లో ఇంగ్లండ్ క్లబ్ బ్రెంట్‌ఫర్డ్ తీసుకుంది, అక్కడ పెద్దగా ఆడనివ్వలేదు, 2019లో అక్కడిదే ఇంకో క్లబ్ రోథరమ్‌కి పోయాడు. 2021లో హంగరీ మీద మ్యాచ్‌తో ఐర్లాండ్ సీనియర్ పురుషుల జట్టుకి ఆడాడు, ఆఫ్రికాలో పుట్టి ఆ జెర్సీ వేసుకున్న మొదటివాడు. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టింది 2023లో లూటన్‌తో, అప్పటికి వయసు 26. మరుసటి ఏడాది ఇప్స్‌విచ్ కొనుక్కుంది, సీజన్ మొదలైన కొన్ని వారాలకే అక్టోబర్‌లో మడమ దగ్గర అకిలీస్ స్నాయువు తెగి ఆ సీజన్ మొత్తం పోయింది. పరిగెత్తడమే పెట్టుబడి అయిన వింగర్‌కి ఇంతకన్నా భయపెట్టే గాయం తక్కువ. ఇన్ని మలుపులూ ఒక్క మనిషి జీవితంలో, అదీ గెలిచినవాడి జీవితంలో. ‘రెండేళ్లు చూస్తాం, ఏదీ కాకపోతే మాన్పిస్తాం’ అనే తల్లిదండ్రులకి నేను ఈయన వయసుల్ని చూపిస్తుంటాను.

డారిల్ హోర్గన్ పేరు ఐర్లాండ్ బయట చాలామందికి తెలియదు. గాల్వే అబ్బాయి, కార్క్ సిటీకి, తర్వాత డండాక్‌కి ఆడాడు, 2016లో డండాక్ యూరోపా లీగ్ (యూరప్ దేశాల క్లబ్బుల పోటీ) గ్రూప్ దశలో ఆడి మకాబీ టెల్ అవీవ్‌ని ఓడించినప్పుడు ఆ జట్టులో మెరిసింది ఇతనే. 2017 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్ ప్రెస్టన్‌కి వెళ్లాడు, ఐర్లాండ్‌కి ఆడాడు, స్కాట్లండ్, ఇంగ్లండ్ తిరిగి మళ్లీ డండాక్ చేరాడు. ఆకాశాన్నంటిన పేరు కాదు, కానీ చక్కటి వృత్తి జీవితం. మీవాడు నిజంగా ప్రొఫెషనల్ అయితే ఎక్కువగా ఇలాంటి దారిలోనే ఉంటాడు, ఆ దృష్టితోనే ఆలోచించండి.

డబ్బు దగ్గర ఒక పొరపాటు చాలా ఇళ్లల్లో చూస్తుంటాను. పేపర్లో వచ్చే కోట్ల పౌండ్లు ఆటగాడి జేబులోకి పోవు, అవి అమ్మిన క్లబ్‌కి పోతాయి. డనిగాల్ కుర్రాడు షేమస్ కోల్‌మన్‌ని (వింగర్ కాదు, రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్) 2009లో స్లైగో రోవర్స్ నుంచి ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ 60,000 పౌండ్లకే కొంది, తర్వాత అదే జట్టుకి కెప్టెన్ అయ్యాడు. ఎంతకి కొన్నారన్నది అతని జీతానికీ కొలత కాలేదు, ప్రతిభకీ కాలేదు. ఐర్లాండ్ లీగ్‌లో జీతాలు బతకడానికి సరిపోయేవి ఉంటాయి, సరిపోనివీ ఉంటాయి, కాంట్రాక్టులు ఏడాదికో రెండేళ్లకో. ప్రతి నవంబర్‌లోనూ వచ్చే సీజన్‌కి క్లబ్ ఉందా లేదా అని చూసుకునేవాళ్లు ఉంటారు. ఇది దాచకుండా బాబుకి చెప్పండి, వాడు పెద్దవాడే.

ఇక ఆట సంగతి. ఒక శుక్రవారం సాయంత్రం మీరూ, మీవారూ, బాబూ కలిసి టాలా స్టేడియంలో షామ్రాక్ రోవర్స్ మ్యాచ్‌కి వెళ్లండి, లూకన్ నుంచి కారులో దగ్గరే. బంతిని చూడొద్దు. మొదటి సగమంతా మీ వైపు టచ్‌లైన్ దగ్గర ఆడే వింగర్ ఒక్కణ్ణే చూడండి. బంతి అతని కాలికి వచ్చేది ఎంత తక్కువో తెలిసి ఆశ్చర్యపోతారు. మిగతా సేపంతా నడవడం, నిలబడటం, చెయ్యెత్తి అడగడం, ఉన్నట్టుండి ఖాళీలోకి దూసుకుపోవడం, బంతి రాకపోతే మళ్లీ మొదటికి రావడం. బంతి పోయిన మరుక్షణం అతను తల వంచుకుని నిలబడ్డాడా, లేక వెనక్కి తిరిగి తన ఫుల్‌బ్యాక్‌కి (అదే అంచున వెనక ఆడే డిఫెండర్‌కి) సాయంగా పరిగెత్తాడా అన్నది చూడండి. అకాడమీ కోచ్‌లు ట్రయల్‌లో చూసేదీ అదే. ఇద్దర్ని డ్రిబుల్ చేసి దాటే పిల్లలు డబ్లిన్‌లో వీధికొకరు, దాటాక తలెత్తి చూసి గోల్ ముందుకి సరైన క్రాస్ వేసేవాళ్లు తక్కువ, పోయిన బంతి కోసం వెనక్కి పరిగెత్తేవాళ్లు ఇంకా తక్కువ. ఇంట్లో చేసే ప్రాక్టీస్ గురించి ఏదైనా చెప్పాలంటే, కుడికాలు కూడా వాడమనండి. ఫుల్‌బ్యాక్‌గా ఆడమంటే మొహం మాడ్చుకోవద్దనండి. వింగర్‌గా మొదలై వెనక్కి జరిగి నిలబడ్డవాళ్లు చాలామంది, మెక్లీన్ ఒక్కడే కాదు.

చదువు గురించి మీవారికి ధైర్యం చెప్పడానికి ఇంకో మాట. ఐర్లాండ్‌లో ఆటా డిగ్రీ రెండూ నడిపే దారులు మన దగ్గరకన్నా బాగున్నాయి. యూసీడీకి (యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌కి) లీగ్‌లో ఆడే సొంత క్లబ్ ఉంది, ఆటగాళ్లకి స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి. మీకు దగ్గర్లోని మేనూత్ యూనివర్సిటీ కూడా ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. సౌత్ ఈస్ట్ టెక్నలాజికల్ యూనివర్సిటీ వాళ్ల కార్లో క్యాంపస్‌లో ఏకంగా సాకర్ కోచింగ్ మీదే డిగ్రీ ఉంది. స్కూల్ అయ్యాక ఆటగాళ్ల కోసమే ఫుట్‌బాల్ అసోసియేషన్, ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ బోర్డులు కలిసి నడిపే ఏడాది కోర్సు ఒకటుంది, పొద్దున ప్రాక్టీస్, తర్వాత క్లాసులు. సిక్స్త్ ఇయర్‌లో కాలేజీ అప్లికేషన్ గడువు ఫిబ్రవరి 1, అదే నెలలో సీజన్ మొదలు, ఆ హడావిడిలో మర్చిపోయే ఇళ్లున్నాయి, మీరు మర్చిపోవద్దు. ఆడటం ఆపేశాక డఫ్ కూడా షామ్రాక్ రోవర్స్‌లో అండర్-15 పిల్లలకి కోచ్‌గానే మొదలుపెట్టాడు, 2024లో డబ్లిన్ క్లబ్ షెల్‌బోర్న్‌ని 18 ఏళ్ల తర్వాత లీగ్ ఛాంపియన్‌గా నిలబెట్టాడు. ఫిజియోథెరపీ, మ్యాచ్ అనాలిసిస్ లాంటి పనులూ ఉన్నాయి, వాటికి లీవింగ్ సర్ట్ పాయింట్లు కావాలి, అందుకే మార్కుల విషయంలో మీరు పట్టుబట్టడం తప్పేమీ కాదు.

చివరిగా పాస్‌పోర్ట్. మీరు దాన్ని ఉత్తరంలో ఆఖర్న ఊరికే అనేశారు, నాకు మాత్రం అన్నిటికన్నా తొందరైన పని అదే అనిపించింది. ఐరిష్ పౌరుడైతే 18 నిండాక ఇంగ్లండ్‌లో ఆడటానికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వెళ్తే అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఎండార్స్‌మెంట్ (ఆమోదం) కావాలి, దానికి దేశం తరఫున ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఏ స్థాయి లీగ్‌లో ఆడాడు అని పాయింట్లు చూస్తారు, అప్పుడే స్కూల్ ముగించిన కుర్రాడికి అవి రావడం దాదాపు అసాధ్యం. ఐర్లాండ్ జూనియర్ జట్ల పిలుపు రావాలన్నా పౌరసత్వం ఉండాలి. స్టూడెంట్ వీసా కాలం పోను మీకు లెక్కలోకి వచ్చే నివాసం ఐదేళ్లు ఉంటే మీరిద్దరిలో ఒకరు అర్హులే. ముందు మీలో ఒకరికి వస్తే, ఆ తర్వాత బాబు తరఫున మీరు దరఖాస్తు పెట్టొచ్చు, రెండు అంచెలు కాబట్టి టైమ్ పడుతుంది. ఇండియా పాస్‌పోర్ట్ వదులుకోవాలి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకి ఇచ్చేది) తీసుకోవాలి, గుంటూరులో పెద్దవాళ్లకి అది మనసుకి కష్టంగా ఉండొచ్చు, ముందే కూర్చుని మాట్లాడుకోండి. మాటలు తేలగానే అప్లికేషన్ పెట్టేయండి, అకాడమీ ఫలితం కోసం ఆగొద్దు.