తప్తపాణి ఘాట్ దగ్గర ‘వదిలేద్దాం’ అనిపిస్తోందా?

తమ్ముడూ, ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ) ప్రాక్టీసులో ప్రతిసారీ సైకిల్ మీద ఆ ఘాట్, అంటే ఒడిశాలోని కొండదారి, ఎక్కేటప్పుడు వెనక్కి తిరగాలనిపిస్తోంది, మనసు గట్టిది కాదేమో అన్నావు. ముందు మనసు కాదు, జేబులు చూసుకో. బరంపురం నుంచి అక్కడిదాకా ఉత్త నీళ్లతోనే తొక్కుతున్నానని నువ్వే రాశావు! గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. అరటిపళ్లు, ఖర్జూరాలు, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు చాలు. ఖాళీ కడుపుతో ఏ పట్టుదలా నిలవదు.

తిన్నాక కూడా అలాగే ఉంటే, అప్పుడు ఈ పోటీకి ఎందుకు దిగుతున్నావో ఆ కారణం వెతుక్కో. మెడల్, ఫొటో మోజు చివరి 42 కిలోమీటర్ల పరుగులో పనికిరావని నా అభిప్రాయం. 1982లో హవాయి ఐరన్‌మ్యాన్ మహిళల పోటీలో ముందంజలో ఉన్న జూలీ మాస్ కూలబడి, పాకుతూ గీత దాటి రెండో స్థానంలో నిలిచింది. అలా పాకమని కాదు సుమా, ఆగకుండా నడిపించే కారణం కావాలని! సైకిల్ మీద 180 కిలోమీటర్లూ తలుచుకోకు, వచ్చే ఊరిదాకా తొక్కు. గోపాల్‌పూర్ సముద్రంలో మాత్రం ఒంటరిగా ఈదొద్దు.