బీజం (వృషణం) దగ్గర గడ్డ: సంక్రాంతి ప్రయాణం దాకా ఆగొద్దు

ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు గొంతు తగ్గించి అడిగే సందేహం ఇది. "అన్నా, బీజం దగ్గర గడ్డలా తగులుతోంది. నొప్పేం లేదు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు చూపించుకోనా?"

వద్దు. ఈ వారమే జీపీకి, అంటే మీ ఏరియా ఫ్యామిలీ డాక్టరుకి, ఫోన్ చేయండి. ఇంకా రిజిస్టర్ కాకపోతే ఇవాళే అవ్వండి, డబ్బు కట్టక్కర్లేదు. రిసెప్షన్‌లో కారణం అడిగితే "టెస్టిక్యులర్ లంప్" అంటే చాలు. మగ డాక్టరు కావాలని కూడా అడగొచ్చు. నొప్పి లేదు కదా అని ధీమా పడొద్దు, క్యాన్సర్ గడ్డ కూడా చాలాసార్లు నొప్పి లేకుండానే వస్తుంది. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాపు వస్తే మాత్రం జీపీ కాదు, నేరుగా ఏ అండ్ ఈకి (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) పరుగెత్తాలి. బీజం మెలిపడితే దాన్ని కాపాడుకోవడానికి ఉండే టైమ్ దాదాపు ఆరు గంటలే.

డాక్టర్ ముందు చేత్తో చూస్తారు, గడ్డ బీజంలోనే ఉందా, విడిగా తగులుతోందా అని. ఒక్కోసారి టార్చి ఆనించి చూస్తారు. లోపల ఉన్నది నీరైతే ఆ భాగమంతా ఎర్రగా వెలుగుతుంది, గట్టి గడ్డైతే వెలుతురు దాటదు. అసలు సంగతి తేల్చేది అల్ట్రాసౌండ్. చల్లటి జెల్ రాసి చేస్తారు, నొప్పి ఉండదు.

బీజానికి బయట ఉండేవి చాలావరకు ప్రమాదం లేనివే. ఎపిడిడిమిస్‌లో (బీజం వెనక ఉండే గొట్టంలో) నీటితిత్తి ఇబ్బంది పెట్టకపోతే దాని జోలికే పోరు. వరిబీజం పెద్దదై బరువనిపిస్తే ఆపరేషన్ చేస్తారు. సూదితో నీరు లాగేస్తే తరచూ మళ్లీ చేరుతుంది. రిపోర్టులో "అడినోమటాయిడ్ ట్యూమర్" అని కనబడితే టెన్షన్ పడకండి. అది క్యాన్సర్ కాదు, తీసేస్తే సరిపోతుంది.

బీజం లోపలి గట్టి గడ్డ సంగతి వేరు. కాదని తేలేదాకా క్యాన్సర్‌గానే అనుమానిస్తారు, అర్జెంటుగా యూరాలజీకి పంపి రక్తపరీక్షలు చేయిస్తారు. అందులోనూ ఎపిడెర్మాయిడ్ సిస్టు లాంటి ప్రమాదం లేని గడ్డలుంటాయి, స్కాన్‌లో ఉల్లిపొరల్లా కనిపిస్తాయి. అలాంటప్పుడు బీజాన్ని ఉంచి గడ్డ మాత్రమే తీసే వీలుందా అని సర్జన్‌ని తప్పకుండా అడగండి.

ఇంకొకటి. మీది ఫైలేరియా ఉన్న ప్రాంతమైతే, మీకో ఇంట్లోవాళ్లకో టీబీ వచ్చి ఉంటే, ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. రెండూ అక్కడ వాపు తెప్పిస్తాయి, ఇక్కడి డాక్టర్లకి వెంటనే తట్టకపోవచ్చు.