ఇన్వర్టర్ 210, బ్యాటరీ మీటర్ 178, ప్లగ్ మీటర్ 140: ఏది నమ్మాలి?

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో నేనూ ఒకప్పుడు ఇలాగే మూడు మీటర్లు ముందేసుకుని కూర్చున్నాను.

ముందు మీ అంకెలే చూద్దాం. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్. టేబుల్ ఫ్యాను, ల్యాప్‌టాప్, మానిటర్, రెండు ఎల్ఈడీ బల్బులు, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద. బోర్డుకు ముందున్న ప్లగ్ మీటర్ 140 వాట్లు అంటోంది. బ్యాటరీ దగ్గరి డీసీ మీటర్ 178, ఇన్వర్టర్ డిస్‌ప్లే 210. ఇన్వర్టర్ పోయిందేమో, మార్చేయాలేమో అని మీ టెన్షన్. మార్చకండి. నాకైతే ఈ మూడింట్లో అబద్ధం చెబుతున్నది ఏదీ కనిపించడం లేదు. ఒక్కొక్కటీ ఒక్కో చోట కూర్చుని ఒక్కో లెక్క రాస్తోంది, అంతే.

డిస్‌ప్లేలో 210 పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో టార్చి వేసి చూడండి. వాట్ అని కాకుండా వీఏ అని ఉంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేది వీఏ. చవక ఎల్ఈడీ బల్బులు, చిన్న అడాప్టర్లు కరెంటును సాఫీగా తీసుకోవు, గుక్కలు గుక్కలుగా తాగుతాయి. అందుకే వీఏ పెద్దగా కనిపిస్తుంది, నిజంగా ఖర్చయ్యే వాట్లు తక్కువ ఉంటాయి. 140ని 210తో భాగిస్తే 0.67. అదే పవర్ ఫ్యాక్టర్. మీరు చెప్పిన సామానుకు అంత ఉండటం వింతేమీ కాదు.

ఇక 178కీ 140కీ మధ్య ఉన్న 38 వాట్లు. ఇవి నిజంగానే ఖర్చవుతున్నాయి, కాకపోతే మీ ఫ్యానుకో బల్బుకో కాదు. బోర్డు మీద అన్నీ తీసేసి ఇన్వర్టర్ ఒక్కదాన్నే ఆన్‌లో ఉంచి డీసీ మీటర్ చూడండి. మా దాంట్లో 1.1 ఆంప్స్ చూపించింది, అంటే సుమారు 14 వాట్లు. ఏ పనీ చేయకుండా అది తినే కూలి అన్నమాట. రాత్రి పది గంటలు అలా వదిలేస్తే 140 వాట్-అవర్లు ఊరికే పోతాయి. మిగతాది డీసీని ఏసీగా మార్చడంలో, వైర్లలో వేడిగా పోతుంది. 140ని 178తో భాగిస్తే 79 శాతం. గొప్పేమీ కాదు, కానీ చిన్న ఇన్వర్టర్ మీద తక్కువ లోడ్ ఉన్నప్పుడు అలాగే ఉంటుంది.

అయినా అనుమానం తీరకపోతే పాత ఫిలమెంట్ బల్బు, 100 వాట్లది, ఒకటి సంపాదించండి. మా చిత్తూరు వైపు కోడిపిల్లల షెడ్లలో వెచ్చదనం కోసం పెట్టేవాళ్లే, ఆ బల్బు. దానికి పవర్ ఫ్యాక్టర్ గోల లేదు, వాట్లూ వీఏ దాదాపు ఒకటే. (జీరో వాట్ బల్బు తేకండి. పేరు జీరోయే గానీ పది పదిహేను వాట్లు తింటుంది, అదో పెద్ద మోసం.) ఈ ఒక్క బల్బు మీద ప్లగ్ మీటరూ ఇన్వర్టర్ డిస్‌ప్లే దగ్గరదగ్గరగా వస్తే రెండూ బాగున్నట్టే. అప్పుడూ యాభై అరవై తేడా ఉంటే డిస్‌ప్లేని అనుమానించండి.

మీది నునుపైన అలలా కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ కాకుండా, మెట్టులా ఎగిరి పడే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే ఇంకో తిరకాసు ఉంది. ట్రూ ఆర్‌ఎంఎస్ (అల ఏ ఆకారంలో ఉన్నా సరిగ్గా కొలుస్తుందని అర్థం) అని రాసి లేని చవక మల్టీమీటర్ ఆ వేవ్‌ను 1.11 రెట్లు పెంచి చూపిస్తుంది. అసలు 230 వోల్టులే ఉన్నా 255 కనిపించి గుండె జారుతుంది.

ఇప్పుడు నా భాగోతం. 2023 డిసెంబరులో, బాపట్ల దగ్గర తీరం దాటిన ఆ మిగ్‌జాం తుఫానుకు ఇక్కడ మా వీధి మునిగి రెండు రాత్రులు చీకట్లో ఉన్నాం. నీళ్లు తీశాక సెకండ్ హ్యాండ్‌లో బ్యాటరీ, ఇన్వర్టర్ కొన్నాను, షంట్ ఉన్న డీసీ మీటర్ విడిగా కొని పెట్టించాను. షంట్ అంటే బ్యాటరీ మైనస్ వైరులో పెట్టే చిన్న నిరోధం, దాని గుండా పోయే కరెంటునే మీటర్ లెక్కేస్తుంది. నా కేసు మీకు రివర్స్: ప్లగ్ మీటర్ 150 వాట్లు, బ్యాటరీ వైపు 88. బ్యాటరీ ఇచ్చేదాని కంటే ఇల్లు తినేది ఎక్కువ! ఇది మాత్రం జరగని పని. మెకానిక్‌ని పిలిస్తే బ్యాటరీ మార్చమన్నాడు. నాకు ఒళ్లు మండి మీటరూ షంటూ ఊడదీసి సంచిలో వేసుకుని ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను.

కొట్టాయన సగం అరవం, సగం తెలుగు. "ఇదేంటి తంబీ" అంటూ షంట్‌ను చేతిలోకి తీసుకున్నాడు. రెండు ఇత్తడి దిమ్మెలు, వాటి మధ్య బూడిదరంగు పట్టీ, ఆ పట్టీ అంచున రంపంతో కోసినట్టు సన్నటి గాటు. విరిగిన ముక్క అంటగట్టారని నా ఏడుపు. ఆ గాటు ఫ్యాక్టరీలోనే పెడతారట, నిరోధం సరిగ్గా కుదరడానికి. ఆయన దిమ్మె మీది మురికిని బొటనవేలితో తుడిచి చూపించాడు: 100 ఆంప్స్, 75 మిల్లీవోల్ట్స్. అంటే 100 ఆంప్స్ పోతే దాని రెండు కొసల మధ్య 75 మిల్లీవోల్ట్స్ వస్తాయని. నా మీటర్ సెట్టింగేమో అదే 75 మిల్లీవోల్ట్స్‌ను 50 ఆంప్స్ అనుకునేలా ఉంది. 15 ఆంప్స్ పోతే 7.5 అని చూపిస్తుంది, సరిగ్గా సగం. సెట్టింగ్ మార్చగానే 88 కాస్తా 176 అయింది. టీ డబ్బులు కూడా తీసుకోలేదాయన.

వైర్లు కూడా ఓసారి చూడండి. లోడ్ ఉన్నప్పుడు బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒకసారి, ఇన్వర్టర్ టెర్మినల్స్ దగ్గర ఒకసారి డీసీ వోల్టేజీ కొలవండి. మా ఇంట్లో 12.4, 11.9 వచ్చాయి. అర వోల్టు ఎక్కడ పోయిందా అని వెతికితే ఒక లగ్ (వైరు చివర టెర్మినల్‌కు బిగించే లోహపు ముక్క) వేడిగా తగిలింది. సముద్రపు గాలికి పచ్చటి చిలుము పట్టేసింది. గీకి, బిగించి, వాసెలిన్ రాస్తే సరిపోయింది. ఈ పని చేసేటప్పుడు ఇన్వర్టర్ ఆఫ్ చేసి, ఉంగరం తీసి పక్కన పెట్టండి. స్పానర్ రెండు టెర్మినల్స్‌కూ తగలకూడదు.

ఇంత చేశాక కూడా తెల్లవారేసరికి డీసీ మీటర్ బ్యాటరీలో ఇంకా 60 శాతం ఉందనేది, ఇన్వర్టర్ మాత్రం కూతపెట్టి ఆగిపోయేది. వారం రోజులు మళ్లీ ఆ మెకానిక్‌నే తిట్టుకున్నాను. చివరికి బ్యాటరీ వెనక చేయిపెట్టి తడిమితే సన్నటి నల్లవైరు తగిలింది. వైఫై రూటర్‌ది, షంట్‌ను దాటి నేరుగా బ్యాటరీ మైనస్‌కే కలిపి ఉంది. పది వాట్లు, పగలూ రాత్రీ, మీటర్‌కు తెలియకుండా. ఆ వైరు కలిపింది మెకానిక్ కాదు, నేనే.