సున్నా ఎవరిది?

ప్రశ్న: సున్నాను ఆర్యభటుడు కనిపెట్టాడని నేను చదువుకున్నాను. కాదు, బ్రహ్మగుప్తుడని ఎనిమిదో తరగతి చదివే మా మనవడు వాదిస్తున్నాడు. ఏది సరి? ఈ చరిత్రలో మన ప్రాంతానికి చోటు ఉందా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: మీ ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది కాని, ‘కనిపెట్టడం’ అన్న మాటే ఇక్కడ సరిపడదు. ఖాళీ స్థానాన్ని చూపే గుర్తుగా సున్నా ఉండటం వేరు, కూడికకూ తీసివేతకూ లొంగే సంఖ్యగా నిలవడం వేరు. “స్థానాత్ స్థానం దశగుణం స్యాత్”, అంటే ఒక్కొక్క స్థానం దాని ముందరి దానికి పదిరెట్లు అని ఆర్యభటీయం చెబుతుంది. సున్నాతో లెక్కలు చేసే నియమాలు మాత్రం అందులో లేవు. అవి 628లో బ్రహ్మగుప్తుడు రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో కనిపిస్తాయి. సమానమైన ధనాన్నీ ఋణాన్నీ కలిపితే శూన్యమని ఆయన చెప్పాడు. మీ మనవడు నేడు ధన సంఖ్య, ఋణ సంఖ్య అంటున్నది ఆ మాటలనే.

అసలు చిక్కు భాగహారం దగ్గర వచ్చింది. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నాయే అన్నాడు బ్రహ్మగుప్తుడు. సున్నాతో భాగించినా సంఖ్య మారదన్నాడు 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఆ ఫలానికి ‘ఖహరం’ అని పేరు పెట్టి, ఎంత కలిపినా ఎంత తీసినా మార్పు చెందని అనంతంగా వర్ణించాడు. నేటి అంకగణితం ఈ మూడింటిలో దేనినీ అంగీకరించదు, సున్నాతో భాగహారాన్ని నిర్వచించనే నిర్వచించదు. అయినా ఐదు వందల ఏళ్ళపాటు ఒకే ప్రశ్నను ఒకరి తరువాత ఒకరు పట్టి విడవకపోవడాన్నే నేను ఈ చరిత్రలో అన్నిటికంటె ఎక్కువగా గౌరవిస్తాను.

ఇక మన ప్రాంతం సంగతి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే, కళింగాన్ని ఏలిన తూర్పు గంగుల తామ్రశాసనాలు ఉన్నాయి. వజ్రహస్తుని పట్టాభిషేక సంవత్సరాన్ని అవి అంకెలలో కాక ‘వియదృతునిధి’ అని మాటలలో చెబుతాయి. వియత్తు అంటే ఆకాశం, కనుక 0, ఋతువులు 6, నిధులు 9. మొదటి మాట ఒకట్ల స్థానానిది కాబట్టి కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. అలా వచ్చిన శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం 1038 వస్తుంది. ఆ శకవర్షం ఎంతో మీరు చెప్పకుండా, మీ మనవడి చేతనే కట్టించండి.