డాక్టర్ సలహా: రిపోర్టులన్నీ నార్మల్.. మరి ఈ గుండె దడ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 34. మాది హనుమకొండ. ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్ వెళ్తుంటే బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ముచ్చెమటలు పట్టాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి. ప్రాణం పోతుందేమోనని జనగామలో దిగిపోయాం. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. ఒకరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు టెన్షన్ అన్నారు. అప్పట్నుంచి బస్సెక్కాలంటే భయం. ఒక్కదాన్నే బజారుకు కూడా వెళ్లలేకపోతున్నా. స్మార్ట్ వాచీ కొనుక్కుని రోజంతా పల్స్ చూసుకుంటున్నా. క్లెయిర్ వీక్స్ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ ఈ జబ్బుకు ఒక పద్ధతి చెప్పారని మా చెల్లి అంటోంది. ఆవిడెవరు? ఆ పద్ధతి పనిచేస్తుందా? మందులు వాడాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి అది ప్యానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం) అనే అనిపిస్తోంది. టెన్షన్ అని పంపించేసినవాళ్లు తప్పు చెప్పలేదు గానీ సగమే చెప్పారు. రిపోర్టులు నార్మల్ అంటే మీకు బాధ లేదని కాదు. దడ నిజమే, చెమట నిజమే, తిమ్మిరీ నిజమే. గుండెలో లోపం లేదు, అంతే. మీ పరీక్షల్లో హిమోగ్లోబిన్ కనిపించలేదు, అదొకటి చేయించండి. రక్తం తక్కువున్నా దడ వస్తుంది.

ఇక మీ చెల్లి మంచి పేరే పట్టుకొచ్చింది. నేను చదువుకునే రోజుల్లో మాకు మానసిక విశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ గురించి పేజీలకు పేజీలు రాయించారు గానీ, ఈవిడ పేరు ఒక్కరూ ఎత్తలేదు.

క్లెయిర్ వీక్స్ 1903లో సిడ్నీలో పుట్టారు. మొదట ఆవిడ డాక్టర్ కాదు, జంతుశాస్త్రవేత్త. బల్లి జాతిలో కొన్ని గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటాయి. మన నలికిరి కుటుంబంలోనూ అలాంటివి ఉన్నాయి. వాటిలో మాయ (తల్లి కడుపులో పిల్లకు ఆహారం అందించేది) ఎలా ఏర్పడుతుందన్నది ఆవిడ పరిశోధన. 1930లో సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా అందుకున్నారు. అక్కడ ఆ పట్టా పొందిన మొదటి మహిళ ఆవిడే.

అంతకు కొంచెం ముందు జరిగిందే మనకు కావలసిన కథ. టాన్సిల్స్‌కు ఇన్‌ఫెక్షన్ వచ్చి మనిషి చిక్కిపోయారు, గుండె దడ మొదలైంది. డాక్టర్లు టీబీ అన్నారు. అప్పటికి టీబీకి మందు లేదు, శానిటోరియంలో పడుకోబెట్టడమే వైద్యం. ఆరు నెలలు అక్కడున్నారు. కదలకూడదు, అలసిపోకూడదు. రోజంతా మంచం మీద పడుకుని తన గుండె చప్పుడు తానే వినడం తప్ప చేయడానికేముంటుంది? చివరికి తేలిందేమిటంటే, అసలు టీబీయే లేదు. కానీ బయటికి వచ్చేసరికి దడ తగ్గకపోగా ఇంకా పెరిగింది.

1929లో స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్లినప్పుడూ ఆ దడ వెంటే ఉంది. ఒకరోజు మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఒక స్నేహితుడితో సంగతి చెప్పుకున్నారు. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. కందకాల్లో సైనికులకు భయంతో గుండెలు అలాగే కొట్టుకునేవని చెప్పారు. అంటే తన గుండె చెడిపోలేదు, దడకు భయపడుతూ ఉండడం వల్లే దడ ఆగడం లేదు. ఆ మాటతో ఆవిడకు విషయం అర్థమైంది. దడ వచ్చినప్పుడు దానితో కుస్తీ పట్టడం మానేశారు. కొన్నాళ్లకు అదే సర్దుకుంది.

కానీ వెంటనే డాక్టర్ అయిపోలేదు. సంగీతం నేర్చుకున్నారు, ప్రయాణాల ఏర్పాట్లు చూసే వ్యాపారం పెట్టారు. ఆ తర్వాత వైద్యం చదివి 1945లో, 42 ఏళ్ల వయసులో పట్టా తెచ్చుకున్నారు. సిడ్నీలోని బాండైలో ప్రాక్టీసు పెడితే, మీలాంటి వాళ్లే వరసగా వచ్చారు.

ఆవిడ చూసిన విషయాన్ని మీ బస్సు ప్రయాణం మీదే చెబుతాను. ఆరోజు ఏ కారణం వల్లో ఒక్కసారి అడ్రినలిన్ (ప్రమాదం ఎదురైనప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్) విడుదలైంది. నిద్ర లేకపోవడం కావచ్చు, ఇంటి చికాకులు కావచ్చు, ఖాళీ కడుపున తాగిన కాఫీ కావచ్చు. గుండె గుభేలుమంది. దీన్ని ఆవిడ మొదటి భయం అన్నారు. అది ఒంట్లోంచి దానంతటదే వస్తుంది, మన చేతిలో లేదు. వెంటనే మీరు ‘అయ్యో, ఇదేంటి, ఇప్పుడేమైపోతానో’ అనుకున్నారు. అది రెండో భయం. దాంతో ఇంకో మోతాదు అడ్రినలిన్ పడుతుంది, దడ పెరుగుతుంది. గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరి చూసి పక్షవాతమేమోనని మళ్లీ భయం. జనగామలో దిగగానే హాయిగా అనిపించి ఉంటుంది. అక్కడే చిక్కొచ్చింది. దిగబట్టే బతికానని మనసు రాసిపెట్టుకుంది. దిగకపోయినా కాసేపటికి ఆ దడ తగ్గేదే.

ఇప్పుడు మీ వాచీ చేసే పని చూడండి. బజారుకు బయల్దేరతారు. గేటు దగ్గర మణికట్టు వైపు చూస్తారు, 96. సందు మలుపులో మళ్లీ చూస్తారు, 108. గుండె జారినట్టవుతుంది. కూరగాయల బండి దగ్గరికి వచ్చేసరికి 118. వెనక్కి తిరిగి ఇంటికి. 96ను 118 చేసింది నడక కొంత, ఆ చూపు కొంత. శానిటోరియం మంచం మీద క్లెయిర్ చెవిలో వినిపించిన గుండెను మీరు చేతికి కట్టుకుని తిరుగుతున్నారు.

ఆవిడ పద్ధతి నాలుగు మాటలే: ఎదుర్కో, ఒప్పుకో, తేలు, టైమ్ ఇవ్వు. మొదటిది, దడ వచ్చే చోటు నుంచి పారిపోకపోవడం. రెండోది, వచ్చిన దడను ఉండనివ్వడం. పళ్లు బిగబట్టి భరించడం కాదిది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ‘సరే ఒప్పుకున్నాను, మరి తగ్గిందా?’ అని నిమిషానికోసారి తడిమి చూసుకుంటారు. అది ఒప్పుకోవడం కాదు, కాపలా కాయడం. మూడోది తేలడం. బావిలో ఈత నేర్చుకున్నవాళ్లను అడగండి. కాళ్లూ చేతులూ టపటపా కొట్టుకున్నంతసేపూ నోట్లోకి నీళ్లే. వెల్లకిలా పడుకుని ఒళ్లు వదిలేస్తే నీళ్లే మోస్తాయి. భుజాలు వదులు చేసి, కడుపు బిగబట్టకుండా, మెల్లగా ఊపిరి వదులుతూ ముందుకు నడవండి. నాలుగోది టైమ్. ఎనిమిది నెలలుగా ఉలిక్కిపడుతున్న నరాలు ఎనిమిది రోజుల్లో కుదుటపడవు. మధ్యలో ఒకట్రెండు సార్లు మళ్లీ వస్తుంది. వస్తే మొదటికొచ్చినట్టు కాదు.

1962లో ఈ పద్ధతి మీద ఆవిడ రాసిన పుస్తకం దేశదేశాల్లో అమ్ముడుపోయింది. ఇల్లు దాటలేనివాళ్ల కోసం గ్రామఫోన్ రికార్డుల మీద మాటలు రికార్డు చేసి పంపారు. 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 528 మంది రోగుల గురించి వ్యాసం ప్రచురించారు. అయినా పెద్ద సైకియాట్రిస్టులు పెద్దగా పట్టించుకోలేదు. ఆవిడ మానసిక వైద్యంలో స్పెషలిస్టు కాదు. కొత్త మందును పరీక్షించేటప్పుడు చేసినట్టు, తన పద్ధతి పాటించినవాళ్లనూ పాటించనివాళ్లనూ రెండు గుంపులుగా విడదీసి పోల్చి చూడలేదు. పైగా రాసింది రోగులకు అర్థమయ్యే భాషలో. మా వృత్తిలో ఆ చివరిదానికి మార్కులు తక్కువ. 1990లో పోయారు.

పనిచేస్తుందా అన్నారు. ఇవాళ ప్యానిక్‌కు మొదట సిఫారసు చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల వైద్యంలో) దడను కావాలనే తెప్పించి దానికి అలవాటు చేయించే భాగం ఉంటుంది. పరీక్షలకు నిలిచింది ఈ థెరపీ. ఆవిడ చెప్పినదానికి అది చాలా దగ్గరగా ఉంది. కాబట్టి పుస్తకం చదువుకుని ఊరుకోకుండా సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి.

మందుల విషయానికొస్తే, బజారుకు కూడా వెళ్లలేని దశలో ఉన్నారు కాబట్టి ఎస్ఎస్ఆర్ఐ రకం (ఆందోళనకూ డిప్రెషన్‌కూ వాడే) మాత్రలు రాసే అవకాశం ఉంది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగుందని మీ అంతట మీరు ఆపేయకండి. అల్ప్రాజోలం అనే, భయాన్ని వెంటనే తగ్గించే మాత్రను మాత్రం ఎవరో చెప్పారని మందుల షాపులో అడిగి తెచ్చుకుని వాడొద్దు, అలవాటైపోతుంది. పని చేస్తున్నప్పుడు ఛాతీ పట్టేసినట్టు నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా మాత్రం ఇదంతా పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రాత్రిపూట భయం వేసి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారం హైదరాబాద్ దాకా వద్దు. కాజీపేట వరకు సిటీ బస్సెక్కండి, మొదటిసారి మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. రెండోసారి ఆయన్ని వెనక సీట్లో కూర్చోమనండి. మూడోసారి ఒక్కరే. దడ వస్తే రానివ్వండి, దిగాల్సిన స్టాపులోనే దిగండి. వాచీ ఇంట్లో పెట్టి వెళ్లండి.